ఎలక్ట్రాన్ విన్యాసం రాయడం ఎలా: నింపే వరుస వేరు, తీసే వరుస వేరు

ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఎన్నున్నాయో చూపే రాత, రాయమనగానే చాలామంది ముందు ఏటవాలు బాణాల బొమ్మ గీసుకుంటారు. 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్ అంటూ మెట్లు మెట్లుగా రాసి, వాటి మీదుగా బాణాలు లాగి, ఆ వరుసలో ఎలక్ట్రాన్లు నింపుకుంటూ పోతారు. మొదటి ఇరవై మూలకాల వరకు ఏ ఇబ్బందీ ఉండదు. క్రోమియం దగ్గరో, ఐరన్ అయాన్ (ఎలక్ట్రాన్లు పోయి గానీ చేరి గానీ ఆవేశం వచ్చిన పరమాణువు) దగ్గరో టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఆ బొమ్మ వరుస చెబుతుంది కానీ ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. ఆ బొమ్మ లేకుండానే ఏ పరమాణువుకైనా విన్యాసం ఎలా రాయాలో, అయాన్‌కి ఎలా రాయాలో, నియమం ఎక్కడ తప్పుతుందో ఇక్కడ చూద్దాం.

ముందుగా ఒక్క విషయం పట్టుకోండి. ఎలక్ట్రాన్లు ఫలానా ఆర్బిటాల్‌కి (ప్రస్తుతానికి ఎలక్ట్రాన్ ఉండే చోటు అనుకోండి) శక్తి తక్కువ కాబట్టి అందులోకి పోదాం అన్నట్టు విడివిడిగా సర్దుకోవు. అన్ని ఎలక్ట్రాన్లూ, కేంద్రకమూ కలిపి చూసినప్పుడు పరమాణువు మొత్తం శక్తి ఏ అమరికలో అతి తక్కువగా ఉంటుందో అదే దాని భూస్థాయి. మనం బట్టీపట్టే వరుస ఆ అమరికను తొందరగా ఊహించడానికి దొరికిన దగ్గరిదారి. చాలాచోట్ల సరిగ్గా చేరుస్తుంది, కొన్నిచోట్ల చేర్చదు.

ఇక పనిలోకి వద్దాం. ఎలక్ట్రాన్లు నింపాలంటే ముందు ఎక్కడెక్కడ ఎంత చోటుందో తెలియాలి. ప్రతి షెల్‌కీ ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఎన్ అంటాం: 1, 2, 3 అలా. ఒక్కో షెల్‌లో ఉండే సబ్‌షెల్స్‌కి ఇంకో నంబరు, ఎల్. ఇది 0 నుంచి మొదలై ఎన్ కంటే ఒకటి తక్కువ వరకు వెళ్తుంది. ఎల్ 0 అయితే ఎస్, 1 అయితే పి, 2 అయితే డి, 3 అయితే ఎఫ్. అంటే మొదటి షెల్‌లో ఎస్ ఒక్కటే, రెండో దాంట్లో ఎస్, పి, మూడో దాంట్లో ఎస్, పి, డి. 1పి అని గానీ 2డి అని గానీ 3ఎఫ్ అని గానీ రాశారంటే అక్కడికక్కడే తప్పు, అలాంటివి లేవు. ఒక్కో సబ్‌షెల్‌లో ఆర్బిటాళ్లు రెండు ఎల్‌లకు ఒకటి కలిపినన్ని, అంటే ఎస్‌లో 1, పిలో 3, డిలో 5, ఎఫ్‌లో 7. ఒక్కో ఆర్బిటాల్‌లో గరిష్ఠంగా ఇద్దరికే చోటు కాబట్టి సబ్‌షెల్స్‌లో పట్టేవి 2, 6, 10, 14. ఈ నాలుగు అంకెలు నోటికి వచ్చేయాలి, మిగతాదంతా వీటి మీదే నడుస్తుంది.

రెండే ఎందుకు, మూడు ఎందుకు పట్టవు? 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ చెప్పిన వర్జన నియమం దీనికి కారణం. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకీ నాలుగు క్వాంటం సంఖ్యలూ (ఎన్, ఎల్, సబ్‌షెల్‌లో ఏ ఆర్బిటాలో చెప్పేది, స్పిన్) ఒకటే కాకూడదు. ఒకే ఆర్బిటాల్‌లో ఉన్నాయంటే మొదటి మూడూ ఇప్పటికే ఒకటే, ఇక తేడా చూపించడానికి మిగిలింది స్పిన్ అనే ఎలక్ట్రాన్ సహజ గుణం మాత్రమే. దానికి ఉన్నవి రెండే విలువలు, ప్లస్ అర, మైనస్ అర. మూడో ఎలక్ట్రాన్ వస్తే ఇద్దరిలో ఎవరో ఒకరితో నాలుగూ కలిసిపోతాయి. మిగతా వరుస నియమాలు దగ్గరిదారులు అన్నాను కదా, ఇది మాత్రం అలా కాదు. దీనికి మినహాయింపు లేదు. ఏ మూలకంలోనైనా, ఏ అయాన్‌లోనైనా పి⁷ గానీ డి¹¹ గానీ (పైన చిన్నగా రాసేది అందులోని ఎలక్ట్రాన్ల సంఖ్య) మీకు వచ్చిందంటే లెక్క తప్పిందన్నమాట.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. కాగితం మీద మనం గీసే చిన్న చిన్న గళ్లు మన సౌకర్యం కోసమే. పరమాణువులో ముందే ఖాళీ గళ్లు సిద్ధంగా ఉండి, ఎలక్ట్రాన్లు వచ్చి వాటిలో చేరవు. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ ఎక్కడ ఎంత సంభావ్యతతో దొరుకుతుందో చెప్పే తరంగ ప్రమేయం. కేంద్రకంలో ప్రోటాన్ల సంఖ్య మారినా, చుట్టూ ఎలక్ట్రాన్ల సంఖ్య మారినా ఆ ఆర్బిటాళ్ల సైజూ మారుతుంది, శక్తీ మారుతుంది. ఈ మాట స్కాండియం దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

ఇప్పుడు వరుస సంగతి. హైడ్రోజన్‌లో ఉన్నది ఒకే ఎలక్ట్రాన్, కాబట్టి 2ఎస్, 2పి దాదాపు ఒకే శక్తిలో ఉంటాయి, 3ఎస్, 3పి, 3డి కూడా అంతే. రెండో ఎలక్ట్రాన్ వచ్చిందా, కథ మారిపోతుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి, లోపలివి బయటివాటికి కేంద్రకాన్ని కొంత అడ్డుకుంటాయి. హీలియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ని లాగడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) చాలు, రెండోదానికి 54.4 కావాలి. ఆ తేడా అంతా పక్కన ఇంకొకటి ఉండటం వల్ల వచ్చిందే. ఈ అడ్డు అన్ని ఆర్బిటాళ్లకీ ఒకేలా ఉండదు. ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దాకా చొచ్చుకుపోగలదు, అక్కడ దానికి పూర్తి ఆకర్షణ దొరుకుతుంది. పి అంతగా పోలేదు, డి ఇంకా తక్కువ, ఎఫ్ మరీ తక్కువ. అందుకే ఒకే షెల్‌లో శక్తి ఎస్ నుంచి పి, డి, ఎఫ్ వైపు పెరుగుతూ పోతుంది.

ఈ చొచ్చుకుపోవడం ఎంత బలమైనదో పొటాషియంలో చూడండి. దానికి 19 ఎలక్ట్రాన్లు. 18 ఆర్గాన్ అమరికలో సర్దుకున్నాక చివరిది 3డిలోకి వెళ్లాలా, 4ఎస్‌లోకి వెళ్లాలా? అంకె చూస్తే 3 చిన్నది. కానీ ఆ ఎలక్ట్రాన్ 3డిలో ఉంటే దాని బంధం సుమారు 1.7 ఎలక్ట్రాన్ వోల్టులే, హైడ్రోజన్ మూడో షెల్‌లో ఉండే 1.5కి కాస్త ఎక్కువ అంతే, అంటే లోపలి 18 కలిసి కేంద్రకాన్ని దాదాపు పూర్తిగా కప్పేశాయన్నమాట. 4ఎస్‌లో ఉంటే 4.3. ఇంత తేడా ఉన్నప్పుడు ఎటు వెళ్తుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. పొటాషియం సోడియంలా ప్రవర్తించడానికి కారణం కూడా ఇదే, రెండింటికీ బయట ఒంటరి ఎస్ ఎలక్ట్రాన్ ఉంది.

దీన్నంతా ఒక చిన్న లెక్కలోకి తెచ్చే నియమం ఉంది. ఎన్, ఎల్ రెండూ కూడండి. మొత్తం తక్కువున్న సబ్‌షెల్ ముందు నిండుతుంది. మొత్తాలు సమానమైతే ఎన్ తక్కువున్నది ముందు. 4ఎస్‌కి 4 + 0 = 4, 3డికి 3 + 2 = 5, కాబట్టి 4ఎస్ ముందు. 3డి, 4పి, 5ఎస్ మూడింటికీ మొత్తం 5, కాబట్టి ఎన్ ప్రకారం 3డి, తర్వాత 4పి, ఆ తర్వాత 5ఎస్. ఇలా చేసుకుంటూ పోతే వచ్చే వరుస:

1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్, 5ఎఫ్, 6డి, 7పి

నిజానికి దీన్ని బట్టీపట్టడం కంటే మంచి దారి ఇంకొకటి ఉంది, నేను ఎవరికైనా అదే చెబుతాను: ఆవర్తన పట్టికని చదవడం నేర్చుకోండి. పట్టిక ఆకారంలోనే ఈ వరుస ఉంది. ఎడమవైపు రెండు నిలువు వరుసలు ఎస్, కుడివైపు ఆరు పి, మధ్యలో పది డి, కింద విడిగా వేసే పద్నాలుగు నిలువుల భాగం ఎఫ్. 2, 6, 10, 14 గుర్తొచ్చాయా? ఎస్, పి భాగాల్లో షెల్ నంబరు పీరియడ్ (పట్టికలో అడ్డ వరుస) నంబరే. డిలో పీరియడ్ నంబరు కంటే ఒకటి తక్కువ, ఎఫ్‌లో రెండు తక్కువ. హైడ్రోజన్ దగ్గర మొదలుపెట్టి పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి మీకు కావాల్సిన మూలకం దాకా వేలు పెట్టుకుంటూ వెళ్లండి. దారిలో తగిలినదల్లా రాయడమే. ఒక్క హీలియం దగ్గర మాత్రం జాగ్రత్త, అది కుడి చివర కూర్చున్నా దానిది 1ఎస్², పి కాదు.

ఐరన్ తీసుకుందాం, పరమాణు సంఖ్య 26. మొదటి పీరియడ్ దాటితే 1ఎస్², రెండోది దాటితే 2ఎస్² 2పి⁶, మూడోది దాటితే 3ఎస్² 3పి⁶, ఇక్కడికి 18 అయ్యాయి. నాలుగో పీరియడ్‌లో రెండు గళ్లు ఎస్, 4ఎస్². ఇరవై. ఆ తర్వాత డి భాగంలో ఐరన్ ఆరో గడిలో ఉంది, నాలుగో పీరియడ్ కాబట్టి 3డి⁶.

ఐరన్: 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి⁶

పైన చిన్నగా రాసిన అంకెలన్నీ కూడండి: 2 + 2 + 6 + 2 + 6 + 2 + 6 = 26. ఈ కూడిక చేయకుండా జవాబు వదలకండి, సగం తప్పులు ఇక్కడే దొరికిపోతాయి. లోపలి 18 ఎలక్ట్రాన్లు ఆర్గాన్‌వే కాబట్టి ఇదే విషయాన్ని [ఆర్గాన్] 4ఎస్² 3డి⁶ అని కుదించి రాయొచ్చు. సీసం లాంటి పెద్ద మూలకానికి ఈ కుదింపు లేకపోతే చెయ్యి నొప్పి పుడుతుంది. సీసం 82, దాని ముందున్న జడవాయువు జీనాన్ 54, మిగిలినవి 28. వేలు పెట్టి నడిస్తే 6ఎస్² 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6పి². 2, 14, 10, 2 కలిపితే 28, సరిపోయింది.

ఇప్పుడు ఆ 3డి⁶ లోపలికి తొంగి చూద్దాం, ఎందుకంటే ఐదు ఆర్బిటాళ్లలో ఆరు ఎలక్ట్రాన్లు ఎలా ఉన్నాయో ఆ రాతలో కనిపించదు. ఇక్కడ హుండ్ నియమం. ఒకే శక్తి ఉన్న ఆర్బిటాళ్లు పక్కపక్కన ఉంటే ముందు ఒక్కోదాంట్లో ఒక్కటి చొప్పున, అన్నీ ఒకే స్పిన్‌తో చేరతాయి, అన్నింట్లో ఒకటి పడ్డాకే జతకట్టడం మొదలవుతుంది. ఆర్బిటాల్‌కో గడి, ఎలక్ట్రాన్‌కో బాణం, బాణం దిక్కు స్పిన్ అనుకుంటే, ఐదు గళ్లలో ఐదు బాణాలు పైకి గీయండి, ఆరోది మొదటి గడిలో కిందికి. ఒంటరివి నాలుగు మిగిలాయి. మొదటి బాణం పైకే ఎందుకు, కిందికి గీస్తే తప్పా అని అడుగుతుంటారు. తప్పు కాదు, ఒంటరివన్నీ ఒకే దిక్కులో ఉంటే చాలు. పైకి గీయడం అందరికీ అలవాటు, అంతే.

హుండ్ నియమం కాగితం మీద కట్టుబాటు అనుకుంటే నైట్రోజన్, ఆక్సిజన్‌ల అయనీకరణ శక్తులు, అంటే ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి కావాల్సిన శక్తులు, చూడండి. పీరియడ్‌లో కుడికి జరిగేకొద్దీ కేంద్రక ఆవేశం పెరుగుతుంది, ఎలక్ట్రాన్‌ని లాగడం కష్టమవ్వాలి. కానీ నైట్రోజన్‌కి 14.5 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, దాని పక్కనున్న ఆక్సిజన్‌కి 13.6 చాలు. నైట్రోజన్ 2పి³లో మూడూ మూడు ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉన్నాయి. ఆక్సిజన్‌లో నాలుగోది ఇంకొకదానితో ఒకే ఆర్బిటాల్ పంచుకోవాల్సి వచ్చింది, వికర్షణ పెరిగింది, కాబట్టి దాన్ని లాగడం తేలికైంది. ఎవరో గీసిన గళ్లకి ప్రయోగశాలలో కొలిచిన అంకె ఇలా జవాబు చెబుతుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక అసలు చిక్కు, అయాన్లు. ఐరన్ నుంచి మూడు ఎలక్ట్రాన్లు తీసేయాలి. వరుసలో చివర రాసింది 3డి కాబట్టి అక్కడి నుంచే తీస్తే 4ఎస్² 3డి³ వస్తుంది, ఎక్కువమంది రాసేది ఇదే, ఇది తప్పు. తీసేటప్పుడు పాటించాల్సింది వేరే: ఎన్ ఎక్కువున్న షెల్ నుంచి ముందు తీయాలి, ఆ షెల్‌లో మళ్లీ ఎల్ ఎక్కువున్నదాని నుంచి. ఐరన్‌లో బయటి షెల్ 4ఎస్, కాబట్టి రెండూ అక్కడి నుంచి పోతాయి, మూడోది 3డి నుంచి. మిగిలేది [ఆర్గాన్] 3డి⁵.

ఏది ఒప్పో నిర్ణయించడానికి అయస్కాంత కొలత ఉంది. ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించి వర్గమూలం తీస్తే అయస్కాంత భ్రామకం సుమారుగా వస్తుంది, బోర్ మాగ్నెటాన్లలో. 4ఎస్² 3డి³ నిజమైతే ఒంటరివి మూడు, 15 వర్గమూలం, 3.87 రావాలి. 3డి⁵ నిజమైతే ఒంటరివి ఐదు, 35 వర్గమూలం, 5.92 రావాలి. ఎలక్ట్రాన్లను బలవంతంగా జతకట్టించే లిగాండ్లు (లోహ అయాన్ చుట్టూ అతుక్కునే అణువులు, అయాన్లు) లేని మామూలు ఐరన్ మూడు ప్లస్ లవణాల్లో కొలిస్తే వచ్చేది 5.9కి దగ్గరగా.

మరి 4ఎస్ ముందు నిండి ముందే ఖాళీ అవ్వడం ఏమిటి? ఇక్కడ చాలా వివరణలు జారిపోతాయి, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం. స్కాండియం, పరమాణు సంఖ్య 21. దాని కేంద్రకం చుట్టూ ఆర్గాన్ అమరికలో 18 ఎలక్ట్రాన్లు మాత్రమే ఉన్నాయనుకోండి, అది మూడు ప్లస్ అయాన్. దానికి ఇప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ తిరిగి ఇస్తూ వర్ణపటాలు (పరమాణువు వెలువరించే, పీల్చుకునే కాంతి కొలతలు) ఏం చెబుతాయో చూద్దాం. మొదటిది వచ్చి చేరేది 3డిలో, 4ఎస్‌లో కాదు. రెండు ప్లస్ అయాన్ [ఆర్గాన్] 3డి¹. రెండోది 4ఎస్‌లో, ఒక ప్లస్ అయాన్ 3డి¹ 4ఎస్¹. మూడోదీ 4ఎస్‌లోనే, తటస్థ పరమాణువు 3డి¹ 4ఎస్².

అంటే పొటాషియంలో 3డి కంటే చాలా కిందున్న 4ఎస్, స్కాండియం అయాన్ దగ్గరికి వచ్చేసరికి పైకి పోయింది. కేంద్రక ఆవేశం పెరిగేకొద్దీ 3డి ఆర్బిటాళ్లు బాగా లోపలికి కుంచించుకుపోతాయి, వాటి శక్తి గబగబా దిగిపోతుంది. మరి మూడూ 3డిలోకే ఎందుకు వెళ్లలేదు? 3డి అంత ఇరుకు కాబట్టే. అక్కడ రెండో ఎలక్ట్రాన్ చేరితే ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి, 4ఎస్ మాత్రం విశాలంగా పరుచుకుని ఉంటుంది, అక్కడ ఆ పోరు తక్కువ. విడి ఆర్బిటాల్ శక్తి చూస్తే 3డి కింద, మొత్తం పరమాణువు శక్తి చూస్తే రెండు ఎలక్ట్రాన్లు 4ఎస్‌లో ఉండటమే లాభం. మొదట్లో చెప్పిన ఆ ఒక్క విషయం ఇదే. నింపే వరుస అంటే పరమాణు సంఖ్య ఒక్కొక్కటి పెంచుకుంటూ ఒక మూలకం నుంచి తర్వాతి మూలకానికి వెళ్లడం, అక్కడ ప్రోటాన్ కూడా పెరుగుతుంది. తీసే వరుస అంటే ఒకే కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్లు తగ్గించడం. రెండూ వేర్వేరు పనులు, ఒకదాన్ని తిరగేస్తే రెండోది రాదు.

క్రోమియం, కాపర్ సంగతి కూడా ఈ చూపుతోనే చూడాలి. నియమం ప్రకారం క్రోమియం 4ఎస్² 3డి⁴ అవ్వాలి, నిజంగా ఉన్నది 4ఎస్¹ 3డి⁵. కాపర్ 4ఎస్² 3డి⁹ అవ్వాలి, ఉన్నది 4ఎస్¹ 3డి¹⁰. సగం నిండినా, పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువ అని పుస్తకాల్లో ఉంటుంది. దాని వెనకున్నది వినిమయ శక్తి: ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల జతలు ఎన్ని ఎక్కువుంటే అంత లాభం. డి⁴లో నాలుగు ఒకే దిక్కువి, జతలు 6. డి⁵లో ఐదు ఒకే దిక్కువి, జతలు 10. పైగా 4ఎస్‌లో ఇద్దరు ఇరుక్కోవాల్సిన పని తప్పుతుంది. 4ఎస్, 3డి శక్తులు దగ్గరగా ఉన్న చోట ఈ లాభం తక్కెడను అటు మొగ్గేలా చేస్తుంది.

అయితే దీన్ని ప్రతిచోటా వాడేయొద్దు. క్రోమియం కిందున్న మాలిబ్డినం 5ఎస్¹ 4డి⁵ అని బుద్ధిగా పాటిస్తుంది, దాని కిందున్న టంగ్‌స్టన్ మాత్రం 6ఎస్² 5డి⁴ గానే ఉండిపోతుంది. నియోబియంలో 5ఎస్¹ 4డి⁴, అక్కడ సగమూ లేదు, పూర్తీ లేదు. పెలేడియం అయితే 4డి¹⁰, ఐదో పీరియడ్‌లో ఉండి ఐదో షెల్‌లో ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేదు. ఎఫ్ భాగంలో సీరియం 4ఎఫ్¹ 5డి¹ 6ఎస్², గడోలినియం 4ఎఫ్⁷ 5డి¹ 6ఎస్². వీటిని నియమంతో ఊహించబోతే దెబ్బతింటారు, కొలిచి చెప్పినవే గుర్తుపెట్టుకోవాలి. చదువు మొదట్లో ఉన్నవాళ్లకి క్రోమియం, కాపర్, కాపర్ కిందున్న వెండి, బంగారం, ఈ నాలుగూ సరిపోతాయి.

వెండి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1922లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమ అయస్కాంత క్షేత్రంలోంచి పంపితే అది రెండుగా చీలింది. వెండి విన్యాసం [క్రిప్టాన్] 4డి¹⁰ 5ఎస్¹. డి మొత్తం జతలు కట్టేసింది, మిగిలింది 5ఎస్‌లో ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటే, ఆ రెండు చారలు దాని స్పిన్‌కున్న రెండు విలువలు. ప్రయోగం జరిగేనాటికి స్పిన్ అనే భావన ఇంకా స్థిరపడలేదు, ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ దాన్ని ప్రతిపాదించింది 1925లో.

ఇక మీరే చేసి చూడండి. మాంగనీస్ రెండు ప్లస్, జింక్ రెండు ప్లస్, కాపర్ రెండు ప్లస్, బ్రోమైడ్, సీసం రెండు ప్లస్. ముందు తటస్థ పరమాణువుది పూర్తిగా రాసి, కూడి చూసి, ఆ తర్వాతే ఎలక్ట్రాన్లు తీయండి లేదా కలపండి. నేరుగా అయాన్ రాయబోతే, ముఖ్యంగా రెండు ప్లస్ అయాన్‌ని దానికంటే రెండు స్థానాలు ముందున్న మూలకంలా రాసేస్తే, డి భాగంలో దాదాపు ఎప్పుడూ తప్పవుతుంది. ఐరన్ రెండు ప్లస్‌లో 24 ఎలక్ట్రాన్లు, క్రోమియంలోనూ 24, కానీ ఒకటి 3డి⁶, ఇంకొకటి 4ఎస్¹ 3డి⁵.

జవాబులు చూసుకోండి. మాంగనీస్ రెండు ప్లస్ [ఆర్గాన్] 3డి⁵, జింక్ రెండు ప్లస్ [ఆర్గాన్] 3డి¹⁰, ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు కాబట్టి అయస్కాంతం దాన్ని ఆకర్షించదు. కాపర్ రెండు ప్లస్ 3డి⁹, ఇక్కడ మొదలుపెట్టాల్సింది 4ఎస్¹ 3డి¹⁰ నుంచి అని గుర్తుంచుకోండి. బ్రోమైడ్‌కి ఒకటి కలపాలి, 4పి⁵ కాస్తా 4పి⁶ అయి క్రిప్టాన్ అమరిక వస్తుంది. సీసంలో బయటి షెల్ ఆరోది, అందులో ఎల్ ఎక్కువున్నది పి, కాబట్టి ముందు పోయేవి 6పిలోని రెండు. మిగిలేది [జీనాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్². ఆ 6ఎస్ జత కూడా పోతే నాలుగు ప్లస్, సీసం సమ్మేళనాల్లో ఈ రెండు స్థితులే ఎక్కువగా కనిపిస్తాయి.